ఉపగ్రహం మాటే వేదమా?

వందల డ్రోన్లు ఒక్క జట్టుగా ఎగురుతున్నాయి. వాటన్నిటికీ దారి చూపే సంకేతాన్ని మాత్రం ఇప్పటికీ ఎవరైనా నొక్కేయవచ్చు, ఎవరైనా అనుకరించవచ్చు. ముప్పు ఆకాశంలో ఎంత ఉందో, విన్నదల్లా నమ్మే డ్రోన్ల తీరులోనూ అంతే ఉంది.

2018 అక్టోబరు 27, శనివారం రాత్రి. హాంకాంగ్‌లో ఏటా జరిగే వైన్ అండ్ డైన్ ఉత్సవానికి జనం పోటెత్తారు. విక్టోరియా హార్బర్ మీద వంద డ్రోన్లు దీపాలతో బొమ్మలు కడుతున్నాయి. ఉన్నట్టుండి వరసలు చెదిరాయి. చూస్తుండగానే 46 డ్రోన్లు రాలి నీళ్లలో పడిపోయాయి. యంత్రాల్లో లోపమేమీ లేదని, వాటికి తామెక్కడున్నామో చెప్పే జీపీఎస్ సంకేతాన్ని ఎవరో జామర్‌తో అడ్డుకున్నారని అక్కడి పర్యాటక మండలి ప్రకటించింది. నష్టం పది లక్షల హాంకాంగ్ డాలర్లకు పైమాటేనని లెక్కగట్టింది. ఆ డ్రోన్ల కింద ఉన్నది సముద్రం కాబట్టి అది డబ్బు నష్టంతో పోయింది. కింద జనం ఉండుంటే ఆ రాత్రి గురించి మరోలా రాసుకోవాల్సి వచ్చేది.

ఆరేళ్లు తిరక్కుండానే, 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో కృష్ణమ్మ మీద 5,500 డ్రోన్లు ఎగిరాయి. అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా జరిగిన ఆ ప్రదర్శనకు ఐదు గిన్నిస్ రికార్డులు దక్కాయి. అంతకు నెలన్నర ముందే బుడమేరు వరదలో అదే నగరంలో ఇళ్లలో చిక్కుకుపోయినవారికి డ్రోన్లతో తిండీ నీళ్లూ అందించారు. 2021 సెప్టెంబరులోనే వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది. ‘నమో డ్రోన్ దీదీ’ కింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వడానికి కేంద్రం 1,261 కోట్ల రూపాయలు కేటాయించింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో డ్రోన్ సిటీకి శంకుస్థాపన జరిగింది. అంటే డ్రోన్ ఇప్పుడు పెళ్లి వీడియోల వస్తువు కాదు. పొలానికీ, ఆసుపత్రికీ, సరిహద్దుకీ పనిచేసే సాధనం. వాటన్నిటికీ ఉన్న ఉమ్మడి బలహీనత గురించే ఈ కథనం. జట్టుగా ఎగిరే డ్రోన్లు ఉపగ్రహం చెప్పిందల్లా సరిచూసుకోకుండా నమ్ముతున్నాయి. ఆ గుడ్డి నమ్మకాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అంటిస్తున్నాయి. చిత్రమేమిటంటే దీనికి మందు కూడా ఆ జట్టులోనే ఉంది.

అంత దూరం నుంచి, అంత సన్నగా

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ప్రతి ఉపగ్రహం ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ఎడతెగకుండా చాటుతుంటుంది. ఆ మాట తనను చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి రిసీవర్ దూరం లెక్కేస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలతో స్థానం తేలుతుంది. రిసీవర్‌లోని చౌక గడియారం తప్పును సరిదిద్దడానికి నాలుగోది కావాలి. ఇదంతా కాలంతో చేసే లెక్క. కాంతి ఒక్క మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది కాబట్టి సమయంలో అంత తేడా వస్తే స్థానం అంత దూరం జరిగిపోతుంది. ఇంత సున్నితమైన లెక్కకు ఆధారమైన సంకేతం నేలకు చేరేసరికి ఎంత బలహీనమంటే, ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద చేస్తే వచ్చేటంత. జేబులో పట్టే చిన్న ట్రాన్స్‌మీటర్ కూడా దగ్గర్లో ఉంటే దీన్ని సులువుగా మింగేస్తుంది.

దీనికి 2012లో అమెరికాలో బయటపడ్డ ఒక ఉదంతం మంచి ఉదాహరణ. న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో విమానాలను దించడానికి జీపీఎస్ ఆధారంగా పనిచేసే కొత్త వ్యవస్థ ఒకటి అప్పుడప్పుడూ తడబడుతుండేది. అధికారులు ఆరా తీస్తే అటుగా పోయే ఒక పికప్ ట్రక్కు దగ్గర ఆ జాడ తేలింది. తాను ఎక్కడ తిరుగుతున్నదీ యజమానికి తెలియకూడదని డ్రైవరు బండిలో జామర్ పెట్టుకున్నాడు. విమానాశ్రయం జోలికి వెళ్లాలన్న ఆలోచనే అతనికి లేదు. 2013లో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ అతనికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. చెడ్డ ఉద్దేశం లేని ఒక్క మనిషి, చౌక పరికరం ఒక్కటి ఇంత పని చేయగలిగితే, పనిగట్టుకుని చేసేవాడి సంగతి వేరే చెప్పాలా?

సంకేతాన్ని నొక్కేయడం జామింగ్. దొంగ సంకేతాన్ని అసలుదిగా నమ్మించడం స్పూఫింగ్. మొదటిది జరిగితే డ్రోన్‌కు కనీసం ఆ సంగతి తెలుస్తుంది. సంకేతం పోయిందని గుర్తించి ఉన్నచోట ఆగడమో, మెల్లగా దిగడమో చేయవచ్చు. రెండోది నమ్మించి నట్టేట ముంచే రకం. పౌరులు వాడే జీపీఎస్ సంకేతం ఎలా ఉంటుందో అమెరికా ప్రభుత్వమే పత్రాల్లో అచ్చేసి ప్రపంచానికి ఇచ్చింది. ఫోన్లూ కార్లూ ఓడలూ దాన్ని ఉచితంగా వాడుకోగలగడానికి కారణం ఆ బహిరంగతే. కానీ ఆ సంకేతం మీద సంతకం లేదు, ముద్ర లేదు. అదే రూపంలో వచ్చిన మరో సంకేతాన్ని రిసీవర్ కాదనలేదు. సైన్యం వాడే సంకేతాలకు రహస్య సంకేతీకరణ ఉంది. పొలం మీద ఎగిరే డ్రోన్‌కు అది అందదు.

టెక్సస్ విశ్వవిద్యాలయంలోని టాడ్ హంఫ్రీస్ బృందం 2012 జూన్‌లో వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో దీన్ని అమెరికా అధికారుల కళ్లముందే చేసి చూపించింది. గాలిలో నిలిచి ఉన్న చిన్న హెలికాప్టర్ డ్రోన్ వైపు అర కిలోమీటరుకు పైగా దూరం నుంచి దొంగ సంకేతం పంపారు. మొదట అసలు సంకేతంతో సరిగ్గా కలిసిపోయేలా పంపి, రిసీవర్ దానికి చిక్కాక, ‘నువ్వు పైకి పోతున్నావు’ అన్న అబద్ధాన్ని అందులో కలిపారు. డ్రోన్ తన ఎత్తును సరిదిద్దుకుంటున్నాననుకుని నేలవైపు దూసుకొచ్చింది. పక్కనే ఉన్న పైలట్ ఆఖరి క్షణంలో చేతిలోకి తీసుకోకపోతే కూలిపోయేదే. మరుసటి ఏడాది అదే బృందం మధ్యధరా ప్రాంతంలో 65 మీటర్ల విహారనౌకను, దాని యజమాని ఒప్పుకోలుతోనే, దారి మళ్లించింది. నౌకలో ఒక్క హెచ్చరిక గంట కూడా మోగలేదు. తెర మీద దారి తిన్నగానే కనిపిస్తోంది. నీళ్లలో మాత్రం నౌక పక్కకు తిరిగిపోయింది.

ఒకటి నమ్మితే అన్నీ నమ్మినట్టే

డ్రోన్ ఒక్కటే ఎగిరితే పోయేది ఆ ఒక్కటే. జట్టు కట్టాక లెక్క మారుతుంది. జట్టులోని డ్రోన్లకు ఉపగ్రహం నుంచి కావలసింది స్థానం ఒక్కటే కాదు. ఎప్పుడు కదలాలో, రేడియోలో ఎవరి వంతు ఎప్పుడో తెలియాలంటే అన్నిటి గడియారాలూ కలిసి నడవాలి. ఆ సమయమూ ఉపగ్రహం నుంచే వస్తుంది. సెంటీమీటర్ల కచ్చితత్వం కోసం నేల మీద ఒక కేంద్రం పెట్టి, దాని నుంచి దిద్దుబాటు వివరాలను అన్ని డ్రోన్లకూ పంపిస్తారు. ఆ కేంద్రమే మోసపోతే దిద్దుబాటు పేరుతో అన్నిటికీ తప్పే అందుతుంది. డ్రోన్లను మొబైల్ నెట్‌వర్క్ మీద నడిపితే అక్కడా ఇదే తంతు. 5జీ టవర్ల మధ్య సమయం తేడా మూడు మైక్రోసెకన్లు దాటకూడదు. ఆ టవర్లు కూడా సమయానికి ఎక్కువగా ఉపగ్రహం మీదే ఆధారపడతాయి. కాబట్టి దెబ్బ ఒకచోట తగిలితే స్థానం, సమయం, సంభాషణ మూడూ ఒకేసారి గాడి తప్పే ప్రమాదం ఉంది.

ఇక డ్రోన్లు పరస్పరం చెప్పుకునే మాటల సంగతి. ‘నేను ఇక్కడున్నాను’ అని ప్రతి డ్రోన్ చుట్టుపక్కల వాటికి చెబుతుంటుంది. ఢీకొనకుండా తప్పుకోవడానికీ, ముందు నడిచే డ్రోన్ వెనక మిగతావి నడవడానికీ అదే ఆధారం. ముందున్నది మోసపోతే వెనకవి గొర్రెదాటుగా అనుసరిస్తాయి, ఎందుకంటే వాటి దృష్టిలో అది తప్పు చేయడం లేదు. దీపాల ప్రదర్శనల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. సాధారణంగా ఏ డ్రోన్ దారి దానికి ముందే ఎక్కించి ఉంటుంది. పక్కదాన్ని చూడకుండా గడియారం ప్రకారం తన గీత మీద తాను పోతుంది. వేల డ్రోన్లు ఒక్క బొమ్మగా కనిపించినా, లోపల ఏదీ మరొకదాన్ని గమనించదు. డ్రోన్లు వాడే మావ్‌లింక్ అనే సందేశ పద్ధతిలో సందేశానికి సంతకం పెట్టే సౌకర్యం రెండో రూపంలోనే వచ్చింది. అది కూడా తప్పనిసరి కాదు, కావాలంటే వాడుకోవచ్చు. అందుకే బయటివాడు ఆకాశం గొంతుతోనే కాదు, జట్టులో ఒకడి గొంతుతోనూ మాట్లాడగలడు.

భద్రత కోసం పెట్టిన ఏర్పాట్లే ఎదురు తిరిగే సందర్భాలూ ఉన్నాయి. విమానాశ్రయాల దగ్గర ఎగరకుండా చాలా డ్రోన్లకు తయారీలోనే జియోఫెన్స్ పెట్టారు. నిషేధిత ప్రాంతంలో ఉన్నానని తెలిస్తే డ్రోన్ లేవదు, గాల్లో ఉంటే దిగిపోతుంది. 2016లో మాస్కోలో క్రెమ్లిన్ దగ్గరికి వెళ్లినవారి ఫోన్లు తాము ముప్పై కిలోమీటర్ల అవతల వ్నుకోవో విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. డ్రోన్లు రాకుండా వాటిని విమానాశ్రయంలో ఉన్నామని నమ్మించడమే దాని ఉద్దేశమని నిపుణులు అంచనా వేశారు. వాషింగ్టన్‌లోని సీ4ఏడీఎస్ అనే సంస్థ 2019లో విడుదల చేసిన నివేదికలో రష్యా, క్రిమియా, సిరియాల్లో మూడేళ్లలో ఇలాంటి 9,883 ఘటనలను గుర్తించింది. ఆపద వస్తే ‘ఇంటికి రా’ అనే ఆదేశం కూడా ఇంతే. ఇల్లు ఎక్కడో చెప్పేది జీపీఎసే కాబట్టి దొంగ చెప్పిన ఇంటికే డ్రోన్ వెళ్తుంది.

మన డాలు మన మీదే పడితే

యుద్ధభూమిలో ఈ ముప్పు ఎంత పెద్దదో ఉక్రెయిన్ చూపించింది. ఆ దేశం నెలకు దాదాపు పది వేల డ్రోన్లను కోల్పోతోందని బ్రిటన్‌లోని రూసీ అధ్యయన సంస్థ 2023 మేలో అంచనా వేసింది. రష్యా రేడియో జామింగే దానికి పెద్ద కారణమని చెప్పింది. దాన్ని తప్పించుకోవడానికి రెండు పక్షాలూ కిలోమీటర్ల కొద్దీ ఆప్టికల్ ఫైబర్ తీగను వెనక వదులుకుంటూ పోయే డ్రోన్లను దించాయి. జామింగ్ వచ్చే దిక్కును వదిలేసి మిగతా దిక్కుల నుంచి వినే బహుళ యాంటెన్నాలను రష్యా షాహెద్ డ్రోన్లకు అమర్చింది. ఉక్రెయిన్ కూడా ఆ షాహెద్‌లను దొంగ సంకేతాలతో దారి తప్పించింది. కొన్ని బెలారస్‌లోకి పోయి పడ్డాయి. 2011 డిసెంబరులో అమెరికా ఆర్‌క్యూ-170 నిఘా డ్రోన్ ఇరాన్ చేతికి చిక్కినప్పుడు, జీపీఎస్‌ను మోసగించి దించామని ఇరాన్ వర్గాలు చెప్పుకున్నాయి. సాంకేతిక లోపమని అమెరికా అంది. ఆ వివాదం తేలలేదు గానీ, అప్పట్లో అతిశయోక్తిగా కనిపించిన మాట పదేళ్లలో యుద్ధరంగంలో రోజువారీ వ్యవహారమైంది.

మన దేశానికి ఇది ఎక్కడో జరుగుతున్న సంగతి కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు సరిహద్దు ప్రాంతాల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ వైపు విమానాలకు 465 సార్లు జీపీఎస్ ఆటంకాలు ఎదురైనట్టు ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది. 2025 డిసెంబరు 1న పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర కొన్ని విమానాలకు స్పూఫింగ్ ఎదురైందని ధ్రువీకరించారు. ఆటంకాల సమాచారం వస్తున్న విమానాశ్రయాల జాబితాలో హైదరాబాద్ పేరూ ఉంది. విమానాలు క్షేమంగా దిగాయి, ఎందుకంటే రన్‌వేల దగ్గర జీపీఎస్‌తో పనిలేని పాత పద్ధతి రేడియో పరికరాలు ఉన్నాయి, కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉన్నారు. డ్రోన్‌కు ఆ రెండూ లేవు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. స్పూఫింగ్ శత్రువు ఆయుధమే కాదు, మన రక్షణ కవచం కూడా. డీఆర్‌డీఓ రూపొందించిన డీ4 డ్రోన్ నిరోధక వ్యవస్థ శత్రు డ్రోన్ల సంకేతాలను అడ్డుకుంటుంది, అవసరమైతే ఉపగ్రహ సంకేతాన్ని అనుకరించి దారి తప్పిస్తుంది, లేజర్‌తో కూల్చనూ కూలుస్తుంది. ఆపరేషన్ సిందూర్ సమయంలో 2025 మే 8 రాత్రి పాకిస్థాన్ 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన సైన్యం చెప్పింది. అలాంటి రాత్రుల్లో ఇలాంటి కవచం లేకుండా కుదరదు. కానీ గాల్లోకి వదిలిన దొంగ సంకేతానికి సొంతవాడు, పగవాడు అన్న తేడా తెలియదు. 2024లో ఇజ్రాయెల్ తన రక్షణ కోసం జీపీఎస్‌ను అడ్డుకున్నప్పుడు టెల్ అవీవ్ వాసుల ఫోన్లు తాము బేరూత్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. రేపు ఒక నగరంలో ప్రముఖుల సభకు భద్రతా సిబ్బంది ఇలాంటి పరికరం పెడితే, ఆ దారిన రక్తం సంచులు మోసుకుపోయే డ్రోన్ ఏం కావాలి? ముప్పు దుర్మార్గుల నుంచి మాత్రమే వస్తుందనుకుని నిబంధనలు రాస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

జట్టే సాక్షి

ఇప్పుడు మందు సంగతి. 2017 జూన్‌లో నల్లసముద్రంలో, రష్యా రేవు నోవోరొసిస్క్ దగ్గర లంగరు వేసి ఉన్న ఒక ఓడ కెప్టెన్‌కు తన ఓడ గెలెంజిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు తెర మీద కనిపించింది. ఆ చోటు ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో, నేల మీద ఉంది. పరికరం చెడిందనుకుని ఊరుకోకుండా ఆయన చుట్టుపక్కల ఓడలను రేడియోలో పలకరించాడు. వాటి పరిస్థితీ అదే. ఇరవైకి పైగా ఓడలు ఆ విమానాశ్రయంలోనే ఉన్నట్టు చూపుతున్నాయి. కళ్లముందు విడివిడిగా నిలబడ్డ ఓడలన్నీ తెర మీద ఒకేచోట గుమిగూడాయి. ఒక్క ఓడకు అది యంత్రలోపం. అందరూ ఒకరినొకరు అడిగేసరికి అది మోసమని తేలిపోయింది.

దీని వెనక గట్టి గణితమే ఉంది. దొంగ సంకేతాన్ని ఒకే యాంటెన్నా నుంచి పంపితే, అది ఎవరి చెవిన పడినా ఒకే స్థానాన్ని చెబుతుంది. ఇక్కడున్న డ్రోన్‌కూ, యాభై మీటర్ల అవతల ఉన్న డ్రోన్‌కూ అదే జవాబు వస్తుంది, తేడా గడియారంలోనే. నిజమైన ఉపగ్రహాలు ఆకాశంలో వేర్వేరు దిక్కుల్లో ఉంటాయి కాబట్టి ఆ తప్పు వాటితో రాదు. నిల్స్ ఓలె టిపెన్‌హావర్, క్రిస్టినా పాపర్, కాస్పర్ రాస్ముసెన్, స్రజన్ చాప్‌కున్ 2011లో రాసిన పరిశోధన పత్రం ఈ సంగతినే నిరూపించింది. ఒక రిసీవర్‌ను మోసగించడం సులువే. మధ్య దూరాలు తెలిసిన కొన్ని రిసీవర్లను, ఆ దూరాలు చెడకుండా కలిపి మోసగించాలంటే దొంగ నిలబడదగిన చోట్లు అతి తక్కువకు కుదించుకుపోతాయి. రిసీవర్లు పెరిగేకొద్దీ ఆ వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. అంటే సంఖ్యాబలం, ఏ కారణంగా ప్రమాదాన్ని పెంచుతోందో అదే కారణంగా రక్షణగానూ మారగలదు. అయితే దానికో షరతు ఉంది. డ్రోన్లు ఒకదానికొకటి ‘నేనెక్కడున్నాను’ అని చెప్పుకుంటే చాలదు, తమ మధ్య దూరాన్ని స్వయంగా కొలుచుకోవాలి.

ఆ కొలత ఈనాడు కష్టం కాదు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి రెండు పరికరాల మధ్య దూరాన్ని పది సెంటీమీటర్ల అటూఇటూగా చెప్పగలదు. 2019 నుంచి అది ఫోన్లలోకీ, తర్వాత కార్ల తాళాల్లోకీ వచ్చేసింది. ఉపగ్రహం లెక్క ప్రకారం రెండు డ్రోన్ల మధ్య దూరం సున్నా అయి, రేడియో కొలత ప్రకారం నలభై మీటర్లు ఉంటే, అబద్ధం ఎవరిదో జట్టుకు క్షణాల్లో అర్థమవుతుంది. దానితోపాటు చాలా డ్రోన్లలో ఇప్పటికే ఉన్న త్వరణమాపకం, వాయుపీడన మాపకం, దిక్సూచి, కెమెరా చెప్పేవాటినీ కలిపి చూడాలి. జట్టులో పంపే ప్రతి సందేశానికీ సంతకం ఉండాలి. ఇవేవీ ప్రయోగశాలల్లో పుట్టబోయే వింతలు కావు. సాఫ్ట్‌వేర్‌లో రాయడమూ, నిబంధనల్లో అడగడమూ మిగిలి ఉంది.

అభ్యంతరాలు, జవాబులు

దీనికి మొదటి అభ్యంతరం, ఉపగ్రహాలే సంకేతం మీద ముద్ర వేస్తే సరిపోతుంది కదా అని. యూరప్ గెలీలియో వ్యవస్థ ఆ పని మొదలుపెట్టింది కూడా. 2025 జులై 24 నుంచి తన ఉచిత సంకేతంలోని సమాచారం నిజమైనదేనని రిసీవర్ తనిఖీ చేసుకునే సేవను అధికారికంగా అందిస్తోంది. ఇది మంచి అడుగు, మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా పౌర సేవలో ఆ దారి పట్టాలి. కానీ ముద్ర సమాచారానికే ఉంటుంది. అసలు సంకేతాన్నే పట్టి, కాస్త ఆలస్యం చేసి తిరిగి పంపేవాడిని అది పూర్తిగా ఆపలేదు. జామింగ్‌కు అసలే మందు కాదు. నావిక్ మీదే ఆశ పెట్టుకుందామంటే, 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం వాల్వు తెరుచుకోక తన కక్ష్యను చేరలేకపోయింది. దానికి ముందు కొన్ని ఉపగ్రహాల అణు గడియారాలు మొరాయించాయి. సొంత వ్యవస్థ అవసరమే గానీ, దాని చాటున డ్రోన్ తన పని తాను చేయకుండా ఉండకూడదు.

రెండో అభ్యంతరం, ఒకటికి నాలుగు వ్యవస్థల ఉపగ్రహాలను వినే రిసీవర్లు వచ్చాయి కదా, అన్నిటినీ ఎవడు మోసగిస్తాడని. జీపీఎస్, గెలీలియో, చైనా బైదూ, కొత్త నావిక్ ఉపగ్రహాల పౌర సంకేతాలు ఒకే 1575.42 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్నాయి. ఆ ఒక్క చోట రొద పెడితే నాలుగూ కలిసి మూగబోతాయి. వేరే పౌనఃపున్యాలు వినే రిసీవర్ మేలే, అది దొంగ పనిని కష్టం చేస్తుంది గానీ అసాధ్యం చేయదు. కెమెరాతో నేలను చూస్తూ పోతే చాలు కదా అనేవారు కూడా ఉన్నారు. పట్టణం మీద అది బాగా పనిచేస్తుంది. నిండుగా పారే కృష్ణ మీద, ఒకే రంగులో పరుచుకున్న వరిచేల మీద, అర్ధరాత్రి, పొగమంచులో కెమెరాకు పట్టు దొరకదు. త్వరణమాపకాలు ఒక్కటే నమ్ముకుంటే చౌక పరికరాల్లో పొరపాటు పోగుపడి నిమిషాల్లోనే వందల మీటర్లు దారి తప్పుతాయి. మెల్లగా, గమనించలేనంత నిదానంగా లాగే దొంగ సంకేతం ఈ తనిఖీల హద్దుల కిందినుంచే జారిపోతుంది. అందుకే ఏ ఒక్క సాధనమూ చాలదు. అవన్నీ ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి.

మూడోది, అన్నిటికన్నా బరువైన అభ్యంతరం, ఖర్చు. చిన్న తయారీదారులు ఇప్పుడిప్పుడే కాళ్లూనుకుంటున్నారు, పెట్టుబడి కష్టమవుతుంది, డ్రోన్ బరువు పెరుగుతుంది, ఎగిరే సమయం తగ్గుతుంది అంటారు. ఇందులో నిజముంది. రైతు కళ్లముందు, నిలువెత్తు మీద మందు చల్లే డ్రోన్‌కు ఇదంతా అక్కర్లేదు. 250 గ్రాములలోపు బొమ్మ డ్రోన్‌కైతే అసలే వద్దు. వాటి మీద ఈ భారం మోపడం అన్యాయం. కానీ నడిపేవాడి కంటికి కనపడనంత దూరం పోయేవి, జనం మీదుగా ఎగిరేవి, పదుల సంఖ్యలో జట్టుగా వెళ్లేవి వేరు. వాటిలో కావలసిన మాపకాలు చాలావరకు ముందే ఉంటాయి. కొత్తగా చేర్చాల్సింది చిన్న రేడియో చిప్పు, పెద్దగా రాయాల్సింది సాఫ్ట్‌వేర్. నష్టపోయే అవకాశాన్ని బట్టి బాధ్యత పెట్టడం వాహనాలకు ఎప్పటినుంచో చేస్తున్నదే.

అనుమతి లేని జామర్లు చట్టవిరుద్ధమే కదా, దొంగల్ని పట్టుకుంటే పోలేదా అనే వాదనకు న్యూఆర్క్ ట్రక్కే జవాబు. అక్కడా చట్టం ఉంది, జరిమానా ప్రతిపాదించారు కూడా. కానీ చట్టం చేరేసరికి ఆటంకం జరిగిపోయింది. సరిహద్దు అవతలి ట్రాన్స్‌మీటరుకు మన జరిమానా పత్రం అందదు. మన భద్రతా దళాల పరికరాలకు ఆ చట్టం వర్తించదు.

అడగాల్సింది ఇదే

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు అనుమతి లేనిదే లేవకుండా చేయడం, ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పడం, జియోఫెన్స్ అనే మూడు భద్రతా లక్షణాలను పేర్కొని, వాటిని తర్వాత తప్పనిసరి చేయవచ్చని వదిలేశాయి. గమనిస్తే మూడూ డ్రోన్ తన స్థానం సరిగ్గా తెలుసుకుంటుందన్న భరోసా మీదే నిలబడ్డాయి. పునాదిని పరీక్షించకుండా మేడ కట్టమన్నట్టుంది. 2025 సెప్టెంబరులో కేంద్రం పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాను జనాభిప్రాయానికి పెట్టింది. దాని కింద రాసే నిబంధనల్లో నాలుగు మాటలు చేరాలి. జట్టు డ్రోన్లకూ, దూరం పోయే డ్రోన్లకూ అనుమతి ఇచ్చే ముందు మూసిన గదిలో జామింగ్, స్పూఫింగ్ పరీక్ష పెట్టాలి. మోసాన్ని ఎన్ని సెకన్లలో గుర్తించిందో, గుర్తించాక ఏం చేసిందో మార్కులు వేయాలి. జట్టులో పరస్పర దూర కొలత, సంతకం చేసిన సందేశాలు తప్పనిసరి కావాలి. విమానాలకు 2023 నవంబరు నుంచి ఉన్నట్టే, జీపీఎస్ ఆటంకం ఎదురైతే డ్రోన్ నడిపేవారు చెప్పే వ్యవస్థ ఉండాలి. భద్రతా దళాలు ఎక్కడ, ఎప్పుడు అడ్డుకుంటాయో పౌర డ్రోన్లకు ముందే హెచ్చరిక అందాలి.

దీనికి వేరే దేశాల వైపు చూడనక్కర్లేదు. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో నేల మీదా గాల్లోనూ తమంతట తాము నడిచే వాహనాలను పరీక్షించే తిహాన్ క్షేత్రం 2022 నుంచి పనిచేస్తోంది. ఓర్వకల్లులో కట్టబోయే డ్రోన్ సిటీలో తయారీ షెడ్లతోపాటు ఇలాంటి పరీక్షాకేంద్రం ఒకటి ఉంటే, ఆ ముద్ర పడ్డ డ్రోన్‌కు దేశంలో ఎక్కడైనా విలువ ఉంటుంది. రికార్డుల కోసం ఎన్ని వేల డ్రోన్లు లేపామన్నది ఒక రాత్రి ముచ్చట. వాటిలో ఎన్ని మోసాన్ని పసిగట్టగలవన్నదే అసలు లెక్క. అనుమానించడం రాని డ్రోన్‌కు జనం నెత్తి మీదుగా ఎగిరే అనుమతి ఇవ్వకూడదు.